పని స్థలమున ప్రాణరక్షణ: పంచాయతీ సభ్యుల బాధ్యత

గ్రామములలో నేడు పాఠశాల గదులు, మంచినీటి ట్యాంకులు, మురుగుకాలువలు, సిమెంటు రోడ్లు నిర్మింపబడుచున్నవి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణముచే చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో గృహనిర్మాణము, త్రాగునీరు, రోడ్లు, కల్వర్టులు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడినవి. కాన కట్టడము దృఢముగా నున్నదా యని విచారించుటతో పాటు, దానిని కట్టువారు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరుచున్నారా యని విచారించుటయు పంచాయతీ సభ్యుల విధియే.

ప్రమాదము జరిగినప్పుడు "వాని తలవ్రాత" యనుట మనకు పరిపాటి. కాని పరిశీలించినచో, అంతకు పూర్వము అదే పొరపాటు పలుమార్లు జరిగియుండుట తరచుగా కనబడును. కట్టు సడలిన పరంజిపై పది దినములు నడిచినవాడు పదునొకండవ దినమున జారిపడును. పది దినములు ఏమియు కాలేదన్న ధైర్యమే వానిని మోసగించును.

అజాగ్రత్తకు మూలము

కూలీకి తన ప్రాణముపై తీపి లేక కాదు. గుత్తపనిలో ఎంత పని జరిగిన అంత కూలి గనుక, నిచ్చెనను సరిగా నిలుపుటకు పట్టు సమయము నష్టముగా తోచును. తోటివారు పిరికివాడందురని యువకుడు శిరస్త్రాణము తీసివేయును. లోపము చెప్పినచో రేపు పనికి పిలువరని మరియొకడు మౌనము వహించును. మేస్త్రీయే హెల్మెటు లేక తిరుగుచుండగా అతడు ఇతరులకు చెప్పిన మాట నిలువదు. ప్రారంభోత్సవపు తేదీని ముందే నిశ్చయించి తొందరపెట్టు పెద్దలకును ఇందు భాగము కలదు.

ఇట్టి అలవాట్లు మార్పరానివి కావు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమువద్ద 1933లో ఆరంభమైన గోల్డెన్ గేట్ వంతెన ఇందుకు తార్కాణము. ప్రధాన ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ పనివారికి శిరస్త్రాణములు తప్పనిసరి చేసెను. ఎత్తున సాహసములు ప్రదర్శించువారిని పనినుండి తొలగించు నియమము పెట్టెను. క్రింద వల కట్టించెను. ఆ వల 19 మందిని కాపాడినది. కాని 1937 ఫిబ్రవరి 17న ఒక పని వేదిక ఊడిపడగా, ఆ బరువునకు వల తెగి 10 మంది మరణించిరి. రక్షణ సాధనము ఎంత గొప్పదైనను, నిలుచు వేదిక పటుత్వమును చూచుట మానరాదని దీనివలన తెలియుచున్నది.

ముఖ్యముగా గమనింపవలసినవి

ఐదడుగులకు మించిన కందకమునకు ప్రక్కల పలకల ఆధారమైన నుంచవలెను, లేదా గట్లను ఏటవాలుగా చెక్కవలెను. త్రవ్విన మట్టిని అంచుననే పోయరాదు. ఒక ఘనమీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నులు తూగును. అది రొమ్మువరకు కప్పినచో, తల బయటనున్నను ఊపిరాడదు.

గోడకు ఆనించిన నిచ్చెన పాదము, నాలుగడుగుల ఎత్తునకు ఒక అడుగు చొప్పున గోడకు ఎడముగా నుండవలెను. విద్యుత్తు తీగల క్రింద ఇనుప కమ్ములను నిలువుగా మోయరాదు. మిక్సరువద్ద పైటచెంగు, తలగుడ్డ బిగించుకొనవలెను. ఆరు మీటర్లకు మించిన దూలముల క్రింది ఆధారములను, భారతీయ ప్రమాణముల ప్రకారము, సాధారణ సిమెంటు వాడినప్పుడు 21 దినములు నిండక పూర్వము తీయరాదు.

సభ్యులు చేయదగినది

రక్షణ సాధనముల ఖర్చును అంచనాలోనే చేర్పించవలెను. ప్రతి ఉదయము పనికి ముందు ఐదు నిమిషములు అందరిని సమావేశపరచి, నేటి పనిలో అపాయము ఎక్కడ నున్నదని కూలీలనే అడుగవలెను. స్థలమునకు వచ్చిన సభ్యుడు తానును శిరస్త్రాణము ధరింపవలెను. తృటిలో తప్పిన ప్రమాదమును తెలిపినవారిని మందలింపక మెచ్చుకొనవలెను. అపాయము కనబడినచో ఎవరైనను పని నిలుపవచ్చునని కంట్రాక్టరు ఎదుటనే ప్రకటింపవలెను. అట్లు నిలిచిన కాలమునకు కూలి కోసినచో ఈ మాటకు విలువ యుండదు. 1996 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన నిర్మాణ కార్మిక సంక్షేమ మండలిలో అర్హుల పేర్లు నమోదైనవో లేదో కూడ విచారింపవలెను.

పాఠశాల గది ఒక నెల ఆలస్యముగా పూర్తియైనను పిల్లలు అందు చదువుకొందురు. ఆ గోడ కట్టుచు ఒక తండ్రి మరణించినచో, అతని పిల్లల చదువే నిలిచిపోవచ్చును. ప్రారంభోత్సవపు తేదీని నిర్ణయించునపుడు పంచాయతీ సభ్యులు ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొందురు గాక.