మా యింటి దుంపదిబ్బ



పల్నాటి భోజనమనగానే చదువరులకు స్ఫురించునది జొన్నన్నమును, గోంగూరయు, ఎఱ్ఱని కారమును. గుంటూరు మిరపబజారు నెఱిగినవారికి మా దాచేపల్లి చుట్టుప్రక్కల నల్లరేగళ్లలో పండు మిరపకాయనుగుఱించి వేఱుగ చెప్పబనిలేదు. అట్టి యూర నుండి కారము చుక్కయైన లేని వంటకమునుగుఱించి వ్రాయబూనుట మా యిరుగుపొరుగువారికి నవ్వు పుట్టింపవచ్చును. అయినను కారణము కలదు.

మూడేండ్లక్రిందట మా యత్తగారికి కడుపులో పుండు కలదని వైద్యులు తేల్చి కారమును, చింతపండు పులుసును మాన్పించిరి. పండ్లు అంతకుముందే పోయినవి. డెబ్బదియేండ్లు పచ్చడి కలుపుకొనక మొదటిముద్ద యెఱుగని నోటికి మజ్జిగన్నము ఎన్నిదినములు రుచించును? ఉడికించిన పప్పు పెట్టితిమి, సొరకాయ పాలుపోసి వండితిమి. “ఆకలి లేదులేవే” యని పీట జరుపుకొని లేచెడివారు. రెండు మాసములు తిరుగునప్పటికి ఆమె చేతిగాజులు మోచేతివఱకు జారుచుండెను. వంటచేయు చేతికి అంతకుమించిన దిగులు లేదు.

ఆ వేసవిలో అమెరికానుండి మా తోడికోడలు పిల్లలతో వచ్చినది. అత్తగారి స్థితి చూచి, బంగాళాదుంపలను పలుచని చక్రములుగ తరిగి, పాలుపోసి, పైన చీజు తురిమి, చిన్న విద్యుత్పొయ్యిలో కాల్చినది. మే మాసము, రెంటచింతల యెండనుగుఱించి వార్తలలో వినని తెలుగువారుండరు, ఆ యెండ మాకును పొరుగే. ఇంటిలో మఱియొక కొలిమి పెట్టితివా యని మా మామగారు హాస్యమాడిరి. పళ్లెము బయటికి వచ్చునప్పటికి పైభాగము బంగారువన్నెగా పొంగి, వాసన వాకిటివఱకు పోయినది. అత్తగారు చెంచా చేతబట్టిరి. నోటివఱకు తీసికొనిపోయి, “ఇది దేనితో తోడుపెట్టినారే?” యని అడిగిరి.

మా తోడికోడలు అబద్ధమాడనేరదు. పూర్వమునుండి పడమటిదేశములవారు పాలుత్రాగు దూడ కడుపులోని పొరనుండి తీసిన రెన్నెట్టు అను పదార్థముతో పాలు గడ్డకట్టించెదరని చెప్పివైచినది. చెంచా క్రిందికి దిగినది. ఆనాడును మజ్జిగన్నమే.

మన గృహిణులు ఈ సంగతి తెలిసికొనియుండుట మంచిది. 1990వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము సూక్ష్మజీవులచే తయారగు చైమోసిన్ అను తోడును ఆమోదించినది. అప్పటినుండి దూడ ప్రాణముతో పనిలేని చీజు విరివిగా వచ్చుచున్నది. మన దేశమున పొట్లముపై ఆకుపచ్చ చుక్క యున్నచో అది శాకాహారమని గుర్తు. మేము ఆ చుక్కను అత్తగారికి చూపితిమి. ఆమె అద్దములు పెట్టుకొని చూచి, “చుక్క వేసినవాడు చూచినాడా?” యనిరి. వాదమున మా పంతులుగారే ఆమెతో గెలువలేరు, నేనెంత?

చీజును తెలుగున జున్ను అనుట కలదు గాని మన జున్ను వేఱు. ఈనిన గేదె మొదటి దినముల పాలు ఆవిరిపై తమంతతామే గట్టిపడును, తోడు అక్కఱలేదు. అది కోరినపుడెల్ల దొరకునది కాదు. కనుక నేను పాలలో నిమ్మరసము పిండి విరిచి, గుడ్డలో కట్టి, ఆ పన్నీరును దుంపలపై తురిమితిని. గంటసేపు కాల్చినను అది కరగలేదు, రబ్బరు ముక్కలవలె బిగిసి నిలిచినది. పండ్లు లేనివారికి పెట్టదగినది కాదని దానిని పిల్లలకు పెట్టితిని. పిదప కారణము విచారింపగా తేలినదేమనగా: మా ప్రక్కనున్న పిడుగురాళ్ల రాతిలోవలెనే పాలలోను సున్నము కలదు. పులుపు తగిలినపుడు ఆ సున్నము చాలవఱకు విరుగుడు నీటిలోనికి పోవును. మిగిలిన మాంసకృత్తులు ఒకదానినొకటి గట్టిగ పట్టుకొనును. రెన్నెట్టుతో కట్టినదానిలో సున్నము నిలిచియుండుటచే వేడికి జారి సాగును.

మూడవమాఱు కమ్మని పెరుగును రాత్రియంతయు గుడ్డలో వ్రేలాడగట్టి, నీరుపోయిన ముద్దతో మీగడ కలిపితిని. ఇది కుదిరినది. విధానము చెప్పెదను.

ఆఱుగురికి కిలో దుంపలు చాలును. ఆకుపచ్చబడినవి, మొలకలెత్తినవి తీసివేయవలెను. అట్టివానిలో విషము పుట్టును. మాకు దుంపలు తఱచు ఉత్తరదేశపు శీతలగిడ్డంగులనుండి వచ్చును. చలిలో నిలువయున్న దుంపలోని పిండి కొంత చక్కెరగా మాఱుటచే త్వరగా నల్లబడును, కావున వానిని నాలుగైదు దినములు గాలితగులు గంపలో ఉంచి పిమ్మట వండుదును. చెక్కుతీసి కడిగి, రూపాయిబిళ్ల మందమున తరుగవలెను. తరిగినపిమ్మట కడుగరాదు! పాలను చిక్కబఱచునది ఆ పిండియే. అరలీటరు గేదెపాలలో ఉప్పు, వేయించి దంచిన జీలకఱ్ఱ వేసి, దుంపచక్రములను సన్ననిసెగపై పదినిమిషములు మాత్రము ఉడుకనీయవలెను. నేయి రాచిన గిన్నెలో వరుసలు పేర్చి, మిగిలినపాలు పోసి, పైన ఒక చెంచాడు సెనగపిండి కలిపిన పెరుగుముద్ద, మీగడ పఱచవలెను. సెనగపిండి లేనిచో పెరుగు విరుగును.

విద్యుత్పొయ్యి యున్నవారు 180 డిగ్రీల వేడిలో ముప్పాతికగంట ఉంచిన చాలును. లేనివారు చింతింపబనిలేదు. మన పెద్దలు దిబ్బరొట్టెకు మూతపై నిప్పులు పోయలేదా? మా యత్తగారు కుంపటి తెప్పించి, అడుగున కొలదిగాను, మూతపై మెండుగాను నిప్పులుంచి, తామే ప్రక్కన కూర్చుండి చూచుకొనిరి. కుక్కరులో చేయువారు రబ్బరుచుట్టును, ఈలబిళ్లను తీసివేసి, అడుగున అంగుళము మందము ఇసుక పోసి గిన్నె నిలుపవచ్చును. దానిలో పైభాగము ఎఱ్ఱబడదు. పెనముపై నేయివేసి బోర్లించి కాల్చుకొనవలెను.

ఆనాడు ఆమె రెండుమాఱులు వడ్డించుకొని, గిన్నె అడుగును చెంచాతో గీకిరి. ఈ గీకుటయే విశేషము. ఫ్రాన్సుదేశమున ఈ జాతి వంటకమును గ్రాటిన్ అందురు. గీకుట అను అర్థముగల మాటనుండి ఆ పేరు పుట్టినది. మనము పాలకుండ అడుగుది తీసి గోకుడు అనుటయు అదే కదా! దోఫినే ప్రాంతపువారి దుంపల గ్రాటిన్ 1788లో గాప్ పట్టణపు విందులోనే కనబడుచున్నది. అందు చీజు వేయవచ్చునా, కూడదా అని ఆ దేశపు ఇండ్లలో నేటికిని తగవే. మా యింట చీజు లేకపోయినదని నేనిక చిన్నబుచ్చుకొనను.

దుంపకు పుట్టినిల్లగు పెరూదేశమున, అరెకీపా నగరమువారు దుంపలను, జున్నును, పాలను, గ్రుడ్లను వరుసలుగ పేర్చి కాల్చుదురు. ప్రక్కన మండిపోవు మిరపకాయ కూరినది వడ్డింతురు. మిరపయు అమెరికా ఖండములనుండియే మనకు వచ్చినది. అరెకీపావారు పల్నాటికి వచ్చిన పరాయివారు కాబోరు.

మా బంధువులలో ఈ దిబ్బ అప్పుడే రూపములు మార్చుకొనుచున్నది. కృష్ణకావల మిర్యాలగూడలోనున్న మా యాడపడుచు దీనిని ఆలుగడ్డ దిబ్బయని, వెల్లుల్లియు కరివేపాకును దట్టించును. మా చెల్లెలు నడుమ మునగాకు వరుస వేయును. చూపునకు బాగుండును గాని నాకు చేదు తగిలినది. తోడికోడలు అచ్చటి చీజునే వాడుచు, పైన మాత్రము మన సెనగపిండిముద్ద పఱచుచున్నదట. పిల్లల డబ్బాలో చల్లారినదైనను బాగున్నదని వ్రాసినది. మా పంతులుగారు తమ వాటాపై ఊరమిరపకాయలు నలిపి చల్లుకొందురు, తల్లి చూడకుండ.

చూడకుండ అనుకొనుట ఆయన భ్రమ. మొన్న అత్తగారు వంటింటి గడపలో కూర్చుండి, “నాకును ఒక మూల, ఒక్క పచ్చిమిరపకాయ చీలిక, గింజలు తీసి వేయవే” యని మెల్లగా అడిగిరి. ఆమె గాజులు మణికట్టున నిలుచుచున్నవి. వైద్యుని అడిగి వేసెదనంటిని. సోమవారము పోవుచున్నాము.