శ్లాబుకు తెల్లపూత

మే నెలలో రాత్రి పది దాటినా పై అంతస్తు గదిలో ఫ్యాను వేడిగాలే కొడుతుంది. పగలంతా ఎండకు కాగిన శ్లాబు తెల్లవారేదాకా ఆ వేడిని కిందికి దింపుతూనే ఉంటుంది. ఏసీ ఉన్నవాళ్లు బిల్లు కడతారు. లేనివాళ్లకు నిద్ర ఉండదు.

ఈ వేడిని ఎంత తగ్గించవచ్చో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల కలిసి హైదరాబాద్‌లోనే కొలిచి చూశాయి. ఏసీ ఉన్న వాణిజ్య భవనాల కప్పులకు తెల్లపూత వేసి, ముందూ తర్వాతా ఖర్చయిన కరెంటును పోల్చాయి. 2012లో వెలువడిన ఫలితాల ప్రకారం, నల్లటి కప్పును తెల్లగా మారిస్తే చదరపు మీటరుకు ఏటా 20 నుంచి 22 యూనిట్లు మిగిలాయి. పూత లేని కాంక్రీటు శ్లాబు మీదైతే 13-14 యూనిట్లు మిగులుతాయని అంచనా. ఆ మేరకు 11-12 కిలోల కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది. వంద చదరపు మీటర్ల కప్పుకు లెక్క వేసుకోండి, టన్ను దాటుతుంది!

తెలుపు చేసే పని ఒకటి కాదు, రెండు. మొదటిది అందరికీ తెలిసిందే, ఎండను తిప్పికొట్టడం. రెండోది కప్పులోని వేడిని పరారుణ కిరణాలుగా పైకి వదలడం. గాలిలోని నీటి ఆవిరి ఆ కిరణాలను చాలావరకు పట్టేసుకుంటుంది. కానీ 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య తరంగాలకు ఆకాశం తలుపు తీసి పెట్టినట్టే ఉంటుంది. ఆ దారిన వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది. ఉక్కపోసే కోస్తా రాత్రుల కన్నా పొడిగాలి వీచే రాయలసీమ రాత్రుల్లో ఇది బాగా సాగుతుంది. మెరిసే జింకు రేకు ఎండను కొంత తిప్పికొట్టినా ఈ రెండో పని సరిగా చేయలేదు, అందుకే అంతగా కాలుతుంది. రేకుల ఇంటికి తెల్లరంగు మరీ అవసరం.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో షియూలిన్ రువాన్ బృందం ఈ రెండు పనులనూ చివరి అంచుదాకా తీసుకెళ్లింది. బజారులో దొరికే తెల్లరంగుల్లోని టైటానియం డయాక్సైడ్ అతినీలలోహిత కిరణాలను పీల్చేసుకుంటుంది. దాని బదులు 2020లో కాల్షియం కార్బొనేట్‌తో 95.5 శాతం, 2021లో బేరియం సల్ఫేట్‌తో 98.1 శాతం ఎండను తిప్పికొట్టే రంగులు చేశారు. కిటుకు రేణువుల సైజుల్లో ఉంది. చిన్నవీ పెద్దవీ కలిపితే రకరకాల తరంగాలు చెదిరి వెనక్కి పోతాయి. ఈ రంగు వేసిన పలక మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లగా నిలిచింది. మనం గోడకు కొట్టే సున్నం ఆరాక మారేది కూడా కాల్షియం కార్బొనేట్‌గానే. ల్యాబు రంగుతో అది సమానం కాదు, అయినా బూడిదరంగు శ్లాబు కన్నా ఎంతో మేలు.

తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు ఇలాంటి చల్లని కప్పును తప్పనిసరి చేసింది. ఇళ్ల విషయంలో 600 గజాలు, ఆపైన స్థలాలకే ఆ నిబంధన. నడినెత్తిన ఎండ మోసేది మాత్రం అరవై గజాల రేకుల ఇళ్లు. వాటికి ప్రభుత్వమే ఉచితంగా పూత వేయించాలి.

మీ డాబా మీ చేతిలోనే ఉంది. శివరాత్రి వెళ్లగానే శ్లాబు కడిగించి, సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు కోట్లు కొట్టించండి. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు, వేసవిలో అప్పుడప్పుడు ఊడ్పించండి.