ఆరుబయట చదువు: అపోహలు – వాస్తవాలు

ఆరో తరగతికి రాగానే ‘ఇక ఆటలు చాలు’ అని పిల్లల్ని గ్రౌండు నుంచి పిలుచుకొచ్చి ఐఐటీ ఫౌండేషన్‌లో కూర్చోబెడుతున్నాం. తరగతి గది దాటిన ప్రతి గంటా చదువుకు నష్టమేనన్న అపోహే దీనికి మూలం. అందుకే గ్రౌండు లేని బడికీ వేలకు వేలు కడుతున్నాం. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పినా అడిగేవారే లేరు.

నష్టం ఎక్కడుంది? పిల్లల చేత మీటరు కర్రను నిటారుగా నిలబెట్టించి దాని నీడనూ, పక్కనున్న వేపచెట్టు నీడనూ కొలిపించండి. కర్ర నీడ అర మీటరు, చెట్టు నీడ నాలుగు మీటర్లయితే చెట్టు ఎత్తు ఎనిమిది మీటర్లని వాళ్లే తేలుస్తారు. సరూప త్రిభుజాల పాఠమే అది. బట్టీ పట్టినవాడు పరీక్షలో అంకెలు మారితే తడబడతాడు. కొలిచి తెలుసుకున్నవాడు తడబడడు.

కళ్ల సంగతీ చూడండి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడి రోజుల్లో 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ అదనంగా పెట్టారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు ఆ బళ్లలో 30.4 శాతం, మిగతా బళ్లలో 39.5 శాతం. ఆ ఫలితాలు 2015లోనే వెలువడ్డాయి.

ఇది విదేశీ మోజా? శాంతినికేతన్‌లో ఠాగూర్ బడి 1901లోనే మొదలైంది, చెట్ల కిందే పాఠాలు. డబ్బున్నవాళ్లకేనా? మీటరు కర్రకూ, చెట్టు నీడకూ ఖర్చేముంది? నల్లబడతారా? ఆ భయంతో పిల్లల్ని గదిలో పెట్టడం అన్యాయం. బయట వదిలేస్తే వాళ్లే నేర్చుకుంటారా? అదీ అపోహే, టీచరు ముందే సిద్ధపడకపోతే అది ఉత్త తిరుగుడే.

ఎండదెబ్బ భయం మాత్రం నిజమే, ఒప్పుకోక తప్పదు. మన వేసవిలో ఎండ ముదిరాక పిల్లల్ని బయట ఉంచకూడదు. పొద్దున్నే, చెట్టు నీడన, మంచినీళ్లు దగ్గర పెట్టుకుని పాఠం చెప్పాలి.

బడిలో చేర్చేముందు ర్యాంకుల ఫ్లెక్సీ చూసి ఆగిపోకండి, గ్రౌండు చూడండి. ఆటల పీరియడ్‌లో లెక్కలు చెబుతున్నారేమో కనుక్కోండి. 6–8 తరగతులకు పుస్తకాల సంచి లేని 10 రోజులు ఉండాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. మీ బడిలో అవి ఎప్పుడో హెడ్మాస్టరుగారిని అడగండి.