అమ్మ 'ఊరికే' ఫోన్ చేస్తే...

ఊరి నుంచి అమ్మ ఫోన్ చేస్తుంది. "ఏం లేదురా, ఊరికే చేశా" అంటుంది. గొంతులో తేడా ఏమీ ఉండదు. అయినా ఏదో ఉందని మనకు అనిపిస్తుంది. నాన్నకు జ్వరం వచ్చిన రోజు కూడా ఆమె ఇలాగే 'ఊరికే' చేసింది మరి! ఆ క్షణంలో మెదడు రెండు పనులు చేసింది. గడిచిన ఒక రోజును తవ్వి తీసింది, పైకి చెప్పని మనసును ఊహించింది. ఈ రెండు పనులకూ చుట్టరికం ఉందా?

ముందు జ్ఞాపకం సంగతి చూద్దాం. హైదరాబాద్ తెలంగాణ రాజధాని అన్నది మనకు తెలిసిన విషయం. అక్కడ మొదటిసారి రైలు దిగినప్పటి కంగారు మాత్రం మనం అనుభవించిన ఘట్టం. ఈ రెండూ వేర్వేరు జ్ఞాపకాలని 1972లో ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రతిపాదించారు.

ఇక ఎదుటివారి మనసు. ఒక పిల్లాడు చాక్లెట్‌ను అల్మరాలో దాచి ఆడుకోవడానికి వెళ్లాడు. వాడు లేనప్పుడు అమ్మ దాన్ని వేరేచోటికి మార్చింది. తిరిగొచ్చాక వాడు ఎక్కడ వెతుకుతాడు? 1983లో వెలువడిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో పిల్లలకు ఇలాంటి కథే చెప్పి అడిగారు. మూడేళ్లవాళ్లు సాధారణంగా కొత్తచోటే చూపిస్తారు. తమకు తెలిసింది వాడికి తెలియదన్న ఆలోచన వాళ్లకింకా అందదు. నాలుగైదేళ్లకు అది అందుతుంది. చాలామందికి గుర్తున్న తొలి జ్ఞాపకాలు కూడా మూడు, నాలుగేళ్ల నాటివే కావడంతో, రెండిటికీ మూలం ఒకటేనేమోనన్న అనుమానం బలపడింది.

స్కానర్లు ఆ అనుమానానికి ఊతమిచ్చాయి. 2009లో అనేక మెదడు స్కాన్ పరిశోధనలను కలిపి విశ్లేషించినప్పుడు, సొంత గతాన్ని తలచుకున్నా, ఎదుటివారి ఆలోచనను ఊహించినా చాలావరకు అవే భాగాలు చురుగ్గా ఉన్నట్టు తేలింది. నుదుటి వెనక మధ్యభాగం, రెండు అర్ధగోళాలు ఆనుకునే చోట వెనకభాగం, చెవికి కాస్త పైన వెనకగా ఉండే ప్రాంతం వాటిలో ముఖ్యమైనవి. అయితే మన గతం తలుపు తీస్తేనే ఎదుటివారి మనసులోకి దారి దొరుకుతుందా?

కాదనడానికి ఒక మనిషి కథ ఉంది. వైద్య సాహిత్యంలో ఆయన పేరు కె.సి. కెనడాకు చెందిన ఆయన 1981లో మోటారుసైకిల్ ప్రమాదానికి గురయ్యారు. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ తీవ్రంగా దెబ్బతింది. ఆయనకు చదరంగం ఆడటం తెలిసేది, ఎవరితోనైనా ఆడినట్టు మాత్రం ఒక్కసారీ గుర్తుండేది కాదు. అలాంటి మనిషికి ఇతరుల మనసును అర్థం చేసుకునే పరీక్షలు పెట్టారు. ఎవరు ఏమని పొరబడుతున్నారో, ఏ మాటలో వెటకారం ఉందో, కళ్లలో ఏ భావం ఉందో చెప్పాలి. 2007లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో ఆయన ఆరోగ్యవంతులకు తీసిపోలేదు.

ఎలా సాధ్యం? వంట నేర్చుకున్న రోజు గుర్తులేకపోయినా, ఉప్పు ఎంత వేయాలో చేతికి తెలుసు. అలాగే మనుషుల తీరు గురించి ఏళ్ల తరబడి పోగైన అవగాహన, ఘట్టాలు చెరిగిపోయినా మిగలగలదు. ఒకే మైదానంలో రెండు ఆటలు ఆడుతున్నంత మాత్రాన, ఒకటి లేకుంటే రెండోది ఆగిపోవాలని లేదు.

మరి సొంత జ్ఞాపకం దేనికి? దగ్గరివాళ్ల విషయంలో దానికి పని ఎక్కువ. ఆత్మీయుల మనసును ఊహించేటప్పుడు మెదడు తీరు, అపరిచితుల గురించి ఊహించేటప్పటికంటే, సొంత గతాన్ని తలచుకునే తీరుకు మరింత దగ్గరగా ఉంటుందని 2012లో ఒక స్కాన్ అధ్యయనం చూపింది. బస్సులో పక్కసీటాయన విసుగును చదవడానికి లోకజ్ఞానం చాలు. అమ్మ 'ఊరికే'ని చదవడానికి మాత్రం ఆ జ్వరం రోజు కావాలి.

అయితే ఆ రోజు మనకు గుర్తున్న రోజు. ఈరోజు అమ్మ మనసులో ఉన్నది వేరే కావచ్చు. ఈసారి ఆమె నిజంగా ఊరికే చేసి ఉండవచ్చు కూడా. అందుకే జ్ఞాపకం అనుమానాన్ని ఇస్తే చాలు, జవాబు అమ్మనే అడగాలి: "నాన్న ఎలా ఉన్నారమ్మా?"