వృత్తి శిక్షణలో చేరితే వితంతు పింఛను ఆగుతుందా? సూరత్‌లోని తెలుగు తల్లులు తెలుసుకోవలసిన నిబంధనలు

సూరత్: భర్తను కోల్పోయి పిల్లల పోషణ భారాన్ని ఒంటరిగా మోస్తున్న మహిళ వృత్తి శిక్షణలో చేరాలనుకున్నప్పుడు మొదట కలిగే సందేహం ఒక్కటే: శిక్షణలో చేరితే ప్రతి నెలా వచ్చే పింఛను ఆగిపోతుందా? శిక్షణ తీసుకున్నంత మాత్రాన గుజరాత్ ప్రభుత్వ వితంతు సహాయం రద్దు కాదు. పైగా 18 నుంచి 40 ఏళ్ల లోపు లబ్ధిదారులు, సహాయం మంజూరైన రెండేళ్లలోగా ప్రభుత్వ గుర్తింపు గల ఏదో ఒక వృత్తిలో శిక్షణ పొందాలని పథకం నిబంధనలే నిర్దేశిస్తున్నాయి. పింఛనుపై ప్రభావం చూపేది శిక్షణ కాదు, ఆ తరువాత పెరిగే ఆదాయం.

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చిన నేత కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్, ఉధనా తదితర ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. పురుషులు మగ్గాలపై పనిచేస్తుంటే, మహిళలు ఇళ్లలోనే చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అతకడం, దారాలు కత్తిరించడం వంటి పనులు చేస్తుంటారు. ఇంటి పెద్ద మరణిస్తే ముక్కకింత చొప్పున వచ్చే ఆ కూలి, ప్రభుత్వ సహాయమే కుటుంబానికి ఆధారమవుతాయి. అందుకే ఈ నిబంధనలు వారికి కీలకం.

పథకం ఏమి చెబుతోంది?

గుజరాత్ మహిళా, శిశు అభివృద్ధి శాఖ అమలు చేస్తున్న ఈ పథకం పేరు 'గంగాస్వరూపా ఆర్థిక సహాయ యోజన'. తెలుగునాట పూర్వం లేఖల్లోనూ దస్తావేజుల్లోనూ వితంతువులను 'గంగాభాగీరథీ సమానురాలు' అని గౌరవంగా పేర్కొనేవారు. ఈ పేరు వెనుక భావమూ అదే. 2019లో ఈ సహాయాన్ని నెలకు 1,000 రూపాయల నుంచి 1,250 రూపాయలకు పెంచారు. అర్హతకు కుటుంబ వార్షికాదాయ పరిమితిని గ్రామీణ ప్రాంతాల్లో 1,20,000 రూపాయలుగా, పట్టణ ప్రాంతాల్లో 1,50,000 రూపాయలుగా నిర్ణయించారు. కుమారుడికి 21 ఏళ్లు నిండగానే తల్లి సహాయాన్ని నిలిపివేసే పాత నిబంధనను కూడా అప్పుడే తొలగించారు. అందువల్ల కుమారుడు మేజరయ్యాడన్న ఒక్క కారణంతో సహాయం ఆగదు.

సూరత్ నగరవాసులకు పట్టణ పరిమితి వర్తిస్తుంది. అంటే కుటుంబాదాయం నెలకు సగటున 12,500 రూపాయలకు మించరాదు. పునర్వివాహం చేసుకుంటే సహాయం నిలిచిపోతుంది. పునర్వివాహం జరగలేదన్న ధ్రువీకరణను లబ్ధిదారులు ఏటా జూలైలో మామలత్‌దార్ కార్యాలయంలో సమర్పించాలి. ఇది తెలుగు రాష్ట్రాల్లోని తహసీల్దారు కార్యాలయం వంటిది. శిక్షణ తరగతుల హడావుడిలో ఈ గడువు దాటిపోకుండా చూసుకోవాలి.

స్టైపెండ్ ఆదాయ పరిమితిని దాటిస్తుందా?

కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన 'పీఎం విశ్వకర్మ' పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. ఇందులో ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, ఆసక్తి ఉన్నవారికి 15 రోజుల ఉన్నత శిక్షణ ఉంటాయి. రోజుకు 500 రూపాయల స్టైపెండ్ చెల్లిస్తారు. రెండు శిక్షణలూ పూర్తి చేసినా వచ్చే మొత్తం గరిష్ఠంగా 11,000 రూపాయలు. దానిని వార్షికాదాయంలో కలిపి లెక్కించినా, ఏడాదికి 1,39,000 రూపాయల లోపు సంపాదించే కుటుంబం పరిమితిని దాటదు. పనిముట్ల కోసం ఇచ్చే 15,000 రూపాయల విలువైన వోచర్ పరికరాల కొనుగోలుకు ఉద్దేశించినది. 5 శాతం వడ్డీకి లభించే సొమ్ము అప్పే తప్ప ఆదాయం కాదు.

ఒక షరతును మాత్రం ముందే గమనించాలి. విశ్వకర్మ ప్రయోజనం కుటుంబంలో ఒక్కరికే లభిస్తుంది. భర్త, భార్య, పెళ్లికాని పిల్లలను ఒక కుటుంబంగా పరిగణిస్తారు. పెళ్లికాని కుమారుడు ముందుగా నమోదైతే తల్లికి అవకాశం ఉండదు. ఎవరు దరఖాస్తు చేయాలన్నది ఇంట్లో ముందే నిర్ణయించుకోవడం మంచిది.

అసలు చిక్కు శిక్షణ ముగిశాక

శిక్షణ పొందిన మహిళ సంపాదన పెరిగినప్పుడే అసలు సమస్య తలెత్తుతుంది. పింఛను ఏడాదికి 15,000 రూపాయలు. కుటుంబాదాయం 1,49,000 రూపాయలుంటే పింఛనుతో కలిపి 1,64,000 రూపాయలు చేతికి వస్తాయి. అదే ఆదాయం 1,55,000 రూపాయలకు పెరిగితే అర్హత పోయి, మిగిలేది ఆ 1,55,000 రూపాయలే. అంటే 6,000 రూపాయలు అదనంగా సంపాదించినందుకు 9,000 రూపాయలు నష్టపోయినట్లవుతుంది. ఆదాయం 1,64,000 రూపాయలు దాటితేనే శిక్షణ వల్ల ఆ కుటుంబానికి నికరంగా మేలు జరుగుతుంది. పరిమితి దాటాక సహాయాన్ని క్రమంగా తగ్గించకుండా ఒక్కసారిగా నిలిపివేయడమే ఇందుకు కారణం.

శిక్షణ కాలంలో కోల్పోయే కూలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఐటీఐల్లో కుట్టుపని కోర్సు ఏడాదిపాటు సాగుతుంది. అంతకాలం పగటి కూలి వదులుకోవలసి వస్తే నెలకు 1,250 రూపాయల సహాయం ఆ లోటును పూడ్చలేదు. ఇంటిపనికి వీలైన వేళల్లో సాగే స్వల్పకాలిక కోర్సు ఇటువంటి తల్లులకు అనువుగా ఉంటుంది.

ఉద్యోగం మానేస్తే ఈఎస్ఐ సంగతి?

మిల్లుల్లో పనిచేస్తూ ఈఎస్ఐ పరిధిలో ఉన్న తల్లుల పరిస్థితి వేరు. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. కోర్సు కోసం ఉద్యోగం మానేస్తే చందా చెల్లింపు ఆగిపోతుంది. అనారోగ్య భత్యం పొందాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు చెల్లించిన చందాకు ఆ తరువాతి జనవరి నుంచి జూన్ వరకు ప్రయోజనం వర్తిస్తుంది. ఉద్యోగం మానేసే నెలను ఎంచుకునే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

తల్లి ఉద్యోగంలో కొనసాగుతూ కుమారుడు వృత్తి కోర్సులో చేరితే, అతడు పూర్తిగా ఆమెపై ఆధారపడి చదువుతున్నంత కాలం 21 ఏళ్లు నిండే వరకు ఆమె కుటుంబ సభ్యుడిగా వైద్యసేవలు పొందవచ్చు. పెళ్లికాని కుమార్తెకు ఈ వయోపరిమితి లేదు. భర్త భవిష్యనిధి ఖాతా ద్వారా వచ్చే ఈపీఎస్ వితంతు పింఛనుకు ఆదాయ పరిమితి లేదు. కాబట్టి శిక్షణ గాని, తదుపరి సంపాదన గాని దానికి అడ్డు కావు. పునర్వివాహం జరిగితే మాత్రం అది నిలిచిపోతుంది.

స్వరాష్ట్రంలో పింఛను ఉంటే?

రేషన్ బియ్యాన్ని 'ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు' విధానంలో సూరత్‌లోనూ తీసుకోవచ్చు. పింఛన్లకు అటువంటి వెసులుబాటు లేదు. తెలంగాణలో 2,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4,000 రూపాయలుగా ఉన్న వితంతు పింఛన్లు ఆయా రాష్ట్రాల నివాసులకు ఉద్దేశించినవి. ఒకే కారణంపై రెండు రాష్ట్రాల నుంచి సహాయం పొందరాదు. సూరత్‌లోనే స్థిరపడి శిక్షణ తీసుకోదలచినవారు తమ నివాసం ఎక్కడన్నది ముందుగా తేల్చుకుని, దానికి తగ్గట్టు పత్రాలు సరిచేసుకోవాలి. భర్త మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, వయసు రుజువు, బ్యాంకు లేదా తపాలా ఖాతా వివరాలతో పాటు శిక్షణ పూర్తయినట్లు ఇచ్చే ధ్రువపత్రాన్ని కూడా భద్రపరచుకోవాలి. రెండేళ్ల షరతును నెరవేర్చినట్లు చూపడానికి 40 ఏళ్ల లోపు లబ్ధిదారుకు అదే రుజువు.