మీకు తెలుసా? సర్పంచ్ లేనప్పుడు ఊరు ఎవరిది?

సర్పంచ్ పదవి ఖాళీ అయితే కొత్తవారు వచ్చేదాకా ఉప సర్పంచే ఊరి పెద్ద. మరి పాలకవర్గం గడువే తీరిపోతే? తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో అదే జరిగింది. సంగారెడ్డి జిల్లా పల్లెలతో సహా రాష్ట్రమంతటా సర్పంచులు దిగిపోయారు, ఎన్నికలు మాత్రం జరగలేదు. చట్టం ప్రకారం పగ్గాలు ప్రత్యేకాధికారులకు వెళ్లాయి. మండల స్థాయి అధికారి తన సొంత పని చూసుకుంటూనే ఊరి పనీ చూడాలి. వీధిలైటు మాడినా, మోరీ నిండినా జనం పట్టుకునేది మాత్రం పంచాయతీ కార్యదర్శినే! 2018 ఆగస్టులోనూ ఇలాగే అయింది. అప్పుడు ఆర్నెల్లలో తేలింది. ఈసారి పోలింగ్ 2025 డిసెంబరులో గానీ జరగలేదు.

పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల సంగతి ఇంకా వింత. అక్కడ గడువు తీరడానికి అసలు సర్పంచే ఉండడు. ‘ఐలా’ అనే పారిశ్రామిక ప్రాంత స్థానిక సంస్థ పేరిట, ప్రభుత్వ సంస్థ టీజీఐఐసీ అధికారులే ఆస్తి పన్ను వసూలు చేస్తారు, షెడ్లకు అనుమతులిస్తారు, రోడ్లూ కాలువలూ చూస్తారు. వసూలైన పన్నులో కొంత వాటా పక్కనున్న స్థానిక సంస్థకు చేరుతుంది. ఓటు వేసే పని మాత్రం లేదు.