మీటల మీద గమకం

డబ్బు పెట్టి కొనక్కర్లేని ఒక సాఫ్ట్‌వేర్ సింథసైజర్‌లో మన రాగం ఎంతవరకు పలుకుతుంది?

1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం 1971 దాకా సాగింది. పద్యనాటకాల పుణ్యమా అని మన ఊళ్లలో అందరికీ తెలిసిన వాద్యం అది. దాన్ని రేడియో గడప దాటనివ్వకపోవడం చాలామందికి కష్టంగానే తోచింది. అయితే వద్దన్నవాళ్ల వాదనలో రెండు మాటలకు బలముంది. హార్మోనియంలో ఈ మీటకు ఈ స్వరం, ఆ మీటకు ఆ స్వరం, నడుమ జారే దారి లేదు, అంటే గమకం పలకదు. పైగా దాని గాంధారం తంబురాతో కలవదు. తర్వాత వచ్చిన ఎలక్ట్రానిక్ కీబోర్డుల మీదా ఈ రెండు ఫిర్యాదులూ అలాగే నిలిచాయి.

సాఫ్ట్‌వేర్ సింథసైజర్ వాటికి సమాధానం చెప్పగలదా? అది తేల్చుకోవాలనే సర్జ్ ఎక్స్‌టీని పట్టుకుని కూర్చున్నాను. క్లాస్ యోహాన్సన్ రాసిన ఈ సింథ్ ఒకప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన సరుకు. 2018లో ఆయన దాని సోర్స్ కోడ్‌ను అందరికీ తెరిచేశారు. అప్పటినుంచి ఔత్సాహికుల బృందం ఒకటి దాన్ని పెంచి పోషిస్తోంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. రూపాయి కట్టనక్కర్లేదు.

రాబర్ట్ మూగ్ 1964లో మొదలుపెట్టిన సింథసైజర్ల రోజుల్లో ఇలా శబ్దం పుట్టించడానికి గోడంత యంత్రం కావాల్సి వచ్చేది. అలాంటి మూగ్ ఒకటి 1969లోనే అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు వచ్చింది. 1982లో చరణ్‌జీత్ సింగ్ పది రాగాలను రోలాండ్ యంత్రాల మీద డిస్కో తాళంలో వాయించి రికార్డు వేశారు. ఆయన వాడిన టీబీ-303లో స్వరం నుంచి స్వరానికి జారే సదుపాయం ఉంది. రాగానికి ఆ జారుడు ఎంత అవసరమో ఆ రికార్డు వింటే తెలుస్తుంది. 1996లో స్టైన్‌బర్గ్ సంస్థ సంగీత సాఫ్ట్‌వేర్‌కు ప్లగిన్లు జోడించే వీఎస్‌టీ పద్ధతి తెచ్చింది. 1999 నుంచి వాద్యాలు కూడా ప్లగిన్లుగా కంప్యూటర్‌లోకి దిగిపోయాయి.

ముందు శ్రుతి సంగతి చూద్దాం. ఒక స్థాయిని 1,200 సెంట్లుగా లెక్కిస్తారు. మామూలు కీబోర్డులో షడ్జమం నుంచి అంతర గాంధారానికి సరిగ్గా 400 సెంట్లు. తంబురా మీటుతుంటే దానంతట అదే వినిపించే స్వయంభు గాంధారం 386 దగ్గర ఉంటుంది. తేడా 14 సెంట్లే. కానీ మోహనలో గాంధారం మీద నిలిచి చూడండి, ఆ 14 సెంట్లు చెవిలో ముల్లులా గుచ్చుకుంటాయి. సర్జ్‌లో దీనికి మందుంది. నోట్‌ప్యాడ్‌లో తొమ్మిది బై ఎనిమిది, ఐదు బై నాలుగు, మూడు బై రెండు అంటూ పన్నెండు నిష్పత్తులు వరసగా రాసి, స్కాలా ఫైలుగా దాచి, సింథ్ మీదకు లాగి వదిలితే చాలు. ఆ క్షణం నుంచి మీటలన్నీ ఆ శ్రుతులకు మారిపోతాయి. తంబురా పెట్టుకుని గాంధారం నొక్కాను. రెండు నాదాల మధ్య అంతవరకూ వినిపించిన కొట్టుకోవడం ఆగిపోయింది. మీట వదలబుద్ధి కాలేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మామూలుగా సింథ్ సీ మీటనే షడ్జమం అనుకుంటుంది. మీది ఐదో శ్రుతి అయితే షడ్జమం ఎక్కడో కూడా సింథ్‌కు చెప్పాలి. లేకపోతే మిగతా స్వరాలు కొన్ని పక్కకు పోతాయి.

ఇక గమకం. అసలు పరీక్ష ఇదే. మొదట శబ్దాన్ని తయారుచేసుకోవాలి. ఆసిలేటర్‌లో రంపపు పళ్ల ఆకారపు తరంగం తీసుకుని, లో-పాస్ ఫిల్టర్ కటాఫ్‌ను దించుకుంటూ వస్తే కీచుదనం పోయి గొంతు లాంటి నిండుదనం వస్తుంది. ఎన్వలప్‌లో అటాక్ కాస్త పెంచితే స్వరం పొడుచుకు రాకుండా మెల్లగా లేస్తుంది. సింథ్ మామూలుగా పాలీలో ఉంటుంది, అంటే ప్రతి మీటకూ స్వరం కొత్తగా పుడుతుంది. దాన్ని 'మోనో ఎస్‌టీ ప్లస్ ఎఫ్‌పీ'కి మార్చి, పోర్టమెంటో కొద్దిగా తిప్పాలి. ఇప్పుడు ఒక మీట వదలకుండా రెండోది నొక్కితే స్వరం మళ్లీ పుట్టదు, జారుతుంది. వేలు ఎత్తి నొక్కితే కొత్తగా పలుకుతుంది. ఎక్కడ కలపాలో ఎక్కడ విడదీయాలో మన వేలి చేతిలోకి వచ్చేసింది.

తోడి గాంధారానికి ఇది సరిపోదు. అక్కడ ఎడమచేతి దగ్గరున్న పిచ్ బెండ్ వీల్ అందుకోవాలి. మొదట్లో దాని పరిధి రెండు మీటల దూరమే. నేను నాలుగుకు పెంచుకున్నాను. రిషభం మీట నొక్కి, వీల్‌తో పైకి లాగుతూ దింపుతూ పోతే, చెయ్యి అలవాటయ్యాక, తోడి ముఖం కనిపించింది.

ఇక్కడే చాలామంది ఎల్‌ఎఫ్‌ఓను ఆశ్రయిస్తారు. అది స్వరాన్ని తనంతట తానే ఊపే పరికరం. నా మాట వినండి, గమకానికి దాన్ని వాడకండి. ఎల్‌ఎఫ్‌ఓ ఊపు ఎప్పుడూ ఒకే కొలత, ఒకే వేగం. కంపితమనే గమకం అలా ఉండదు. రాగాన్ని బట్టి, కాలప్రమాణాన్ని బట్టి, ముందు వెనక స్వరాలను బట్టి మారుతుంది. వీల్ మీద బొటనవేలు చేసే పనిని ఏ యంత్రమూ చేసిపెట్టదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండలిన్‌ను పక్కనపెట్టి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. వాద్యాన్ని సంగీతానికి తగ్గట్టు మార్చుకున్నా, గమకం పలికింది ఆయన వేళ్లలోనే.

తంబురా కూడా ప్రయత్నించాను. సర్జ్‌లో స్ట్రింగ్ అనే ఆసిలేటర్ తీగ కంపించే తీరును లెక్కగట్టి నాదం పుట్టిస్తుంది. ఒక్కోదానిలో రెండు తీగలు. వాటి మధ్య కొద్దిపాటి శ్రుతి తేడా పెడితే నాదం మెరుస్తుంది. అయినా అసలు తంబురాలో తీగకూ బ్రిడ్జికీ నడుమ నూలుపోగు సర్ది రాబట్టే ఆ జుమ్మనే జీవం ఇందులో రాలేదు. సినిమా పాటలో నేపథ్యానికి పనికొస్తుంది కానీ, కచేరీకి కాదు.

ఒక చిక్కు కంప్యూటర్‌దే. బఫర్ 1,024 శాంపిళ్లలో ఉంటే మీట నొక్కాక దాదాపు 23 మిల్లీసెకన్లు ఆలస్యం. 256కు దించితే ఆరు మిల్లీసెకన్లలోపే. గమక సాధనకు ఇలా దించడం తప్పనిసరి. ఆలస్యాన్ని పెంచే బ్లూటూత్ హెడ్‌ఫోన్లు తీసేసి వైరున్నవి పెట్టుకోండి.

సర్జ్‌లో రెండువేల పైచిలుకు ప్యాచ్‌లు, అంటే ముందే మలిచిన శబ్దాలు, సిద్ధంగా ఉంటాయి. అవన్నీ వింటూ కూర్చుంటే సాయంత్రాలు కరిగిపోతాయి, పాట మొదలుకాదు. కొత్త కుర్రాళ్లు ప్రీసెట్ల మూటలకు డబ్బు తగలేయడం చూస్తే బాధేస్తుంది. 'ఇనిట్' ప్యాచ్ తెరవండి. ఒక ఆసిలేటర్, ఒక ఫిల్టర్, ఒక ఎన్వలప్ చాలు. మీకు వచ్చిన సరళీస్వరాలు వాయించండి.

హార్మోనియం మీద వేసిన నిందల్లో శ్రుతిది పూర్తిగా తీరింది, గమకానిది సాధన మేరకు తీరుతుంది. మీ ఇంట్లో సంగీతం నేర్చుకుంటున్న పిల్లలుంటే కొత్త కీబోర్డు కొనేముందు ఉన్న కంప్యూటర్‌లో దీన్ని ఒకసారి పెట్టించండి. స్కాలా ఫైలు ఎక్కించడం మాత్రం మరచిపోకండి.